బ్రేకు కారే వేస్తుందా? – కొత్త కార్ల భద్రతపై పాఠకుల ప్రశ్నలు

కొత్త కార్లలో వస్తున్న డ్రైవర్ సహాయక వ్యవస్థల గురించి, అంటే షోరూముల్లో అందరూ 'అడాస్' అని పిలుస్తున్న వాటి గురించి, ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏదో ఒక రూపంలో ఒకటే అడిగాయి: దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ముప్పై ఏళ్లకు పైగా బండ్ల మరమ్మతు పనిలో ఉన్నవాడిగా, నాకు స్పష్టంగా తెలిసిన మేరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాలుగు నెలల కిందట అడాస్ ఉన్న కారు కొన్నాం. వారానికి ఒకసారి సూర్యాపేట నుంచి హైదరాబాదుకు 65వ నంబరు జాతీయ రహదారి మీద నేనే నడుపుకుంటూ వెళ్తాను. తిరిగి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రి పది దాటుతుంది. 'ఎదురుగా ఏం వచ్చినా కారే బ్రేకు వేసుకుంటుంది, నీకేం భయం లేదు' అని మావారు అంటారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో మాత్రం, ఆగి ఉన్న వాహనాలను వ్యవస్థ గుర్తించలేకపోవచ్చని రాసి ఉంది. రెండింటిలో దేన్ని నమ్మాలి?
– ఒక ఉపాధ్యాయిని, సూర్యాపేట

జవాబు: అమ్మా, పుస్తకాన్నే నమ్మండి. దాన్ని చదివినందుకు ముందుగా మీకు అభినందనలు. నా అనుభవంలో కారు కొన్నవాళ్లలో ఆ పుస్తకం తెరిచేవాళ్లు చాలా తక్కువ. మీవారు చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు గానీ, మీరు ప్రయాణించే రోడ్డు మీద, మీరు ప్రయాణించే వేళలో అది నిలబడే మాట కాదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

మీ కారు ముందు అద్దం పైభాగంలో, వెనక చూసుకునే అద్దానికి ఆనుకుని ఒక కెమెరా ఉంటుంది. చాలా కార్లలో దానికి తోడుగా ముందు బంపరులోనో, కంపెనీ చిహ్నం వెనకనో ఒక రాడార్ కూడా ఉంటుంది. రాడార్ పంపిన తరంగాలు ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వస్తాయి. ఆ వస్తువు ఎంత దూరంలో ఉంది, మనకూ దానికీ మధ్య దూరం ఎంత వేగంగా తగ్గుతోంది అనేవి చీకట్లోనైనా, వానలోనైనా రాడార్ బాగానే లెక్కగడుతుంది. అయితే ఆ వస్తువు ఏమిటో దానికి సరిగా తెలియదు. అది కారా, లారీయా, మనిషా అని పోల్చుకునే పని కెమెరాది. ఈ రెండూ ఒక మాట మీదికి వచ్చినప్పుడు వ్యవస్థ మొదట బీప్ మోగించి, ఎర్ర దీపం వెలిగించి మిమ్మల్ని హెచ్చరిస్తుంది. మీరు స్పందించకపోతే, ఢీకొనడం ఇక తప్పదనిపించే ఆఖరి క్షణంలో తానే బలంగా బ్రేకు వేస్తుంది.

ఇక ఆగి ఉన్న లారీ సంగతి. రోడ్డు పక్క సైన్‌బోర్డు, డివైడరు రెయిలింగు, వంతెన ఇనుప దూలం, మురుగు కాలువ మూత ఇవన్నీ రాడార్‌కు కదలని లోహపు వస్తువులే. కారు ఎంత వేగంతో పోతుంటే ఇవన్నీ అంతే వేగంతో ఎదురుగా వస్తున్నట్టు దానికి కనిపిస్తాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు కిలోమీటరు కూడా నడవదు. అందుకే పెద్ద వేగాల్లో, రాడార్ చూపించే కదలని వస్తువులను, కెమెరా కూడా 'అది వాహనమే' అని చెబితే తప్ప, లెక్కలోకి తీసుకోకుండా వదిలేసేలా చాలా వ్యవస్థలను తయారుచేశారు. కాబట్టి రాత్రిపూట భారమంతా కెమెరా మీద పడుతుంది. మన హైవే మీద ఆగిన లారీ ఆ కెమెరాకు ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి. వెనక లైట్లు వెలగవు. మెరవాల్సిన పట్టీ మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. హెచ్చరికగా వెనక నాలుగు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ పెట్టి ఉంటాయి. వరిగడ్డి వేసుకుని పోయే ట్రాక్టరైతే ఇంకా కష్టం. గడ్డి నాలుగు వైపులా వేలాడుతూ ఉంటే దాని వెనక భాగానికి వాహనం రూపమే ఉండదు. మనిషి కన్నే తడబడే చోట, వాహనాల బొమ్మలు చూసి నేర్చుకున్న కెమెరా తడబడడంలో వింత లేదు.

ఒకవేళ గుర్తించిందనే అనుకుందాం. అప్పుడూ లెక్క చూడాలి. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారు ఆ వేగం నుంచి పూర్తిగా ఆగడానికి, బ్రేకు పడిన తరువాత 45 మీటర్ల దాకా పడుతుంది. ఢీకొనడానికి ఒక్క సెకను ముందు కారు తానే బ్రేకు వేసిందనుకుంటే దాని ముందు మిగిలింది 25 మీటర్లే. అంటే ఆగదు, సుమారు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గుద్దుకుంటుంది. ఇది చిన్న మేలేమీ కాదు, ఎందుకంటే గుద్దుకునే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది గనక సగానికి పైగా శక్తి అప్పటికే తగ్గిపోయింది. ప్రాణం పోయే చోట కాలు విరగడంతో బయటపడవచ్చు. కానీ 'నీకేం భయం లేదు' అనడానికి మాత్రం అది చాలదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన సందర్భాన్ని విడిగా చెప్పాలి. మీరు ముందు కారుతో దూరం పాటిస్తూ వేగాన్ని కారే చూసుకునే క్రూజ్ వేసుకుని, ఒక కారు వెనక ప్రశాంతంగా పోతున్నారు. ఆ కారు డ్రైవరు ఆగి ఉన్న లారీని చివరి క్షణంలో చూసి పక్క లేన్‌లోకి తప్పుకున్నాడు. మీ కారు వ్యవస్థకు అంతవరకూ కనిపించిన వాహనం మాయమైంది, దాని వెనక దాగిన లారీ ఒక్కసారిగా బయటపడింది. యూరప్ వాళ్లు కార్లకు పెట్టే పరీక్షల్లో ఈ సందర్భాన్నే ప్రత్యేకంగా పెట్టి చూస్తారు, అంత కష్టమైనది కనుకనే. కాబట్టి రాత్రి ప్రయాణంలో క్రూజ్ వాడకండి. హెడ్‌లైట్లు డిమ్ చేసినప్పుడు వెలుగు ఎంత దూరం పడుతోందో, అంత దూరంలో ఆపగలిగే వేగంలోనే వెళ్లండి. ఎడమ చివర లేన్‌లో బండ్లు ఆగి ఉండడం ఎక్కువ కనుక, ధాబాలు, పెట్రోలు బంకులు వచ్చే చోట్ల మరింత నెమ్మదించండి.

ప్రశ్న: మొన్న రావులపాలెం దగ్గర ఒక ఆటో పక్క నుంచి దూసుకొచ్చి మా ముందుకు తిరిగింది. నేను తప్పించగలిగేవాణ్ణే, కానీ అంతలో కారే గట్టిగా బ్రేకు వేసేసింది. వెనక వస్తున్న బైకు అతను కింద పడబోయి నిలదొక్కుకున్నాడు. ఊళ్లలో స్టీరింగు కూడా దానంతట అదే లాగుతున్నట్టు ఉంటుంది. మొత్తం అడాస్ ఆపేయమని మా డ్రైవరు అంటున్నాడు. ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండు విషయాలను విడదీసి చూడండి. స్టీరింగు లాగేది లేన్ సహాయం, అంటే కారు రోడ్డు గీతల మధ్యనే ఉండేలా చూసే ఏర్పాటు. బ్రేకు వేసేది అత్యవసర బ్రేకింగు. మొదటిదాన్ని ఊళ్లలో నిరభ్యంతరంగా ఆపుకోండి. తెల్ల గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద, పాత గీత ఒకటి, కొత్త గీత ఒకటి కనిపించే చోట, దాని వల్ల ఉపయోగం కంటే చికాకే ఎక్కువ. హైవే మీద కూడా స్టీరింగు లాగుతోందంటే ఒక అలవాటు సరిచూసుకోండి. ఇండికేటరు వేయకుండా లేన్ మారితే, మీరు కునుకు తీసి పక్కకు జారుతున్నారని కారు అనుకుంటుంది. ఇండికేటరు వేసి మారితే అడ్డుపడదు. చాలామంది నాతో 'స్టీరింగు పట్టేస్తోంది' అని చెప్పినప్పుడు, పక్కన కూర్చుని చూస్తే తేలింది ఇదే.

అత్యవసర బ్రేకింగును మాత్రం ఆపవద్దని ప్రాధేయపడుతున్నాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో పది మందికి నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, దాదాపు ఇద్దరు నడిచి పోయేవారు. మీ కారులోని ఆ వ్యవస్థ కాపాడేది మిమ్మల్నే కాదు, మీ ముందు ఏ ఆచ్ఛాదనా లేకుండా వెళ్తున్న వాళ్లను కూడా. హెచ్చరిక ఎంత ముందుగా మోగాలో మార్చుకునే వీలు చాలా కార్లలో ఉంటుంది. ఊళ్లో తిరిగేటప్పుడు దాన్ని 'ఆలస్యంగా' అనే దానికి మార్చుకుంటే చాలా వరకు చికాకు తగ్గుతుంది.

ఆటో విషయంలో కారు తొందరపడడానికి ఇంకో కారణం ఉంది. ఈ కెమెరాల వెనక ఉన్న మేధ చాలా కాలం పాటు నేర్చుకున్నది యూరప్, అమెరికా రోడ్ల బొమ్మలు చూసి. అక్కడ ఆటో ఉండదు, గేదె రోడ్డు దాటదు, ఒక లేన్‌లో మూడు బండ్లు పక్కపక్కన పోవు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో, వాటి శివార్లలో 182 ప్రయాణాల్లో తీసిన దృశ్యాల నుంచి పది వేల బొమ్మలను ఎంచి, ప్రతి బొమ్మలో రోడ్డు ఏది, మట్టి అంచు ఏది, ఆటో ఏది, పశువు ఏది అని గీతలు గీసి, 34 తరగతులుగా విడగొట్టి, 'ఇండియా డ్రైవింగ్ డేటాసెట్' పేరుతో పరిశోధకులందరికీ అందుబాటులో పెట్టారు. గచ్చిబౌలిలో కూర్చుని చేసిన ఈ పని చూసి తెలుగువాడిగా నాకు గర్వంగా ఉంటుంది. అటువంటి బొమ్మలతో నేర్చుకున్న కార్లు పెరిగే కొద్దీ ఈ తొందరపాటు తగ్గుతుంది. అంతవరకు మీ వెనక వచ్చేవాళ్లకు చోటు ఇవ్వడం మన చేతిలో పని: రద్దీలో వేగం ఒక మెట్టు తగ్గించుకుంటే, కారు వేసే బ్రేకూ అంత గట్టిగా ఉండదు.

ప్రశ్న: నా వయసు 61. వానలో గట్టిగా బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంది. భయపడి కాలు తీసేశాను. మెకానిక్ చూసి లోపం ఏమీ లేదన్నాడు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మెకానిక్ సరిగానే చెప్పాడు. అది ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడు. చక్రం బిగుసుకుపోయి జారబోతున్నప్పుడు, సెకనుకు ఎన్నోసార్లు బ్రేకును వదిలి మళ్లీ పట్టడం దాని పని. అందుకే స్టీరింగు మీ అదుపులో ఉంటుంది. 1978లో బాష్ కంపెనీ తయారీతో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లలో మొదలైన ఈ ఏర్పాటు, మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. పాత అంబాసిడర్ల కాలంలో మనం నేర్చుకున్న పద్ధతి, అంటే బ్రేకును తొక్కుతూ వదులుతూ ఉండడం, ఈ కార్లలో హాని చేస్తుంది. పెడల్ ఎంత కొట్టుకున్నా కాలు తీయకుండా పూర్తిగా తొక్కి పట్టుకుని, కారును ఖాళీ ఉన్న వైపు తిప్పండి.

ప్రశ్న: పది లక్షల లోపు మా మొదటి కారు కొనబోతున్నాం. అడాస్ కావాలంటే టాప్ మోడల్‌కు వెళ్లాలి, లక్షకు పైగా తేడా ఉంది. అది లేకుండా కొంటే పిల్లల భద్రత విషయంలో తప్పు చేసినట్టు అవుతుందా? ఇద్దరు చిన్న పిల్లలు.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: తప్పు చేసినట్టు కానే కాదు. ఆ లక్ష రూపాయలు ఎక్కడ పెడితే పిల్లలకు ఎక్కువ రక్ష అన్నదే చూడాలి. నేనైతే ముందుగా భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ కారుకు వచ్చిన నక్షత్రాలు చూస్తాను. 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న ఈ పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దించి, పెద్దల బొమ్మలకు, పిల్లల బొమ్మలకు ఏమైందో విడివిడిగా మార్కులు వేస్తారు. పిల్లల మార్కులను తప్పకుండా అడగండి, అమ్మకందారు పెద్దల మార్కులే చెప్పి ఊరుకోవచ్చు.

తరువాత స్థానం ఈఎస్‌సీది, అంటే కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థది. ఇది చాలామందికి పేరు కూడా తెలియదు, కానీ నా దృష్టిలో సీటు బెల్టు తరువాత ప్రాణాలు నిలబెట్టిన గొప్ప ఆవిష్కరణ ఇదే. 1997లో స్వీడన్‌లోని ఒక పత్రిక వాళ్లు, రోడ్డు మీదికి అకస్మాత్తుగా దుప్పి వస్తే తప్పించినట్టు కారును ఎడమకూ కుడికీ తిప్పే పరీక్ష చేస్తే, అప్పుడే మార్కెట్లోకి వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ పల్టీ కొట్టింది. కంపెనీ అమ్మకాలు కొంతకాలం నిలిపివేసి, అంతకు రెండేళ్ల ముందు తన ఖరీదైన కార్లకు మొదలుపెట్టిన ఈ వ్యవస్థను ఆ చిన్న కార్లన్నిటికీ ఉచితంగా అమర్చింది. మీరు స్టీరింగు తిప్పిన దిశకూ, కారు నిజంగా పోతున్న దిశకూ తేడా వస్తే, ఇది నాలుగు చక్రాల్లో ఏదో ఒకదానికి మాత్రమే బ్రేకు వేసి కారును దారిలోకి తెస్తుంది. మన రోడ్ల మీద దుప్పి రాకపోవచ్చు. కుక్క, గేదె, రోడ్డు మధ్యలో ఆరబోసిన వడ్లు మాత్రం రోజూ ఉన్నవే. భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు అంతకు పైగా నక్షత్రాలు రావాలంటే ఇది ఉండి తీరాలి.

దీని తరువాత ఆరు ఎయిర్‌బ్యాగులు. ఆపైన డబ్బు మిగిలితే, అత్యవసర బ్రేకింగు ఉన్న మోడల్ తీసుకోండి, అది మంచి ఖర్చే. కానీ ఆ లక్షలో ముందుగా పది, పదిహేను వేలు పిల్లల వయసుకు తగిన సీట్లకు తీసి పక్కన పెట్టండి. ఒళ్లో కూర్చోబెట్టుకున్న పాపను 50 కిలోమీటర్ల వేగంలో ఢీకొన్నప్పుడు ఏ తల్లీ చేతులతో ఆపలేదు. వెనక కూర్చునే పెద్దలు కూడా బెల్టు పెట్టుకోవాలి. బెల్టు పెట్టుకోనివాళ్లు ఎగిరి ముందు సీట్లో ఉన్నవాళ్ల మీద పడతారు.

ప్రశ్న: మా స్నేహితుడు హైవే మీద స్టీరింగుకు నీళ్ల సీసా కట్టి, చేతులు వదిలేసి, వీడియోలు తీస్తున్నాడు. 'ఇది లెవెల్ 2, తనంతట తానే నడుస్తుంది' అంటాడు. నిజమేనా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: నాయనా, నీ స్నేహితుడి ప్రాణం మీద నీకు ఆశ ఉంటే ఈ జవాబును అతనికి చదివి వినిపించు. వాహనాల స్వయంచాలకత్వానికి సున్నా నుంచి ఐదు వరకు లెవెళ్లు ఉన్నాయి. లెవెల్ 2లో కారు స్టీరింగునూ వేగాన్నీ రెంటినీ కొంతవరకు చూసుకుంటుంది, కానీ రోడ్డును చూడాల్సిన బాధ్యత క్షణం కూడా విరామం లేకుండా మనిషిదే. మన దేశంలో అడాస్ పేరుతో అమ్ముతున్న కార్లు ఇంతవరకే. కొంతసేపైనా డ్రైవరు కళ్లు పక్కకు తిప్పే వీలున్న లెవెల్ 3 కారును 2021లో హోండా జపాన్‌లో తెచ్చింది. అదే ఏడాది చివర జర్మనీలో మెర్సిడెస్‌కు అనుమతి దొరికింది, అదీ కొన్ని హైవేల మీద, గంటకు 60 కిలోమీటర్ల లోపు రద్దీలో మాత్రమే. ఆ రోడ్లకు గీతలు ఎలా ఉంటాయో, మన రోడ్లకు ఎలా ఉన్నాయో పోల్చి చూడు.

స్టీరింగు మీద చేతులున్నాయా లేవా అని కారు కనిపెట్టేది, చేతుల బరువు వల్ల స్టీరింగు మీద పడే చిన్న ఒత్తిడిని బట్టి. సీసా కట్టడమంటే ఆ కాపలాదారుకు మత్తుమందు పెట్టడం. 2016 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఆటోపైలట్ అనే ఇలాంటి లెవెల్ 2 వ్యవస్థ వేసుకుని పోతున్న ఒక టెస్లా కారు ముందు ఒక లారీ రోడ్డుకు అడ్డంగా మలుపు తిరిగింది. వ్యవస్థా బ్రేకు వేయలేదు, మనిషీ వేయలేదు. కారు లారీ ట్రెయిలరు కిందికి దూరిపోయి ఆ మనిషి చనిపోయాడు. అక్కడి రవాణా భద్రతా బోర్డు విచారణ జరిపి, డ్రైవరు వ్యవస్థను అతిగా నమ్ముకోవడాన్నీ, అలా నమ్ముకోనిచ్చిన తయారీ తీరునూ రెంటినీ తప్పుపట్టింది. ఆ రోడ్డు నేరుగా ఉన్న రోడ్డు, వాతావరణం బాగుంది, పట్టపగలు.

ప్రశ్న: రాయి తగిలి ముందు అద్దం పగిలితే బయట వర్క్‌షాపులో మార్పించాను. అప్పటి నుంచి లేన్ హెచ్చరిక అనవసరంగా మోగుతోంది. అద్దానికీ దానికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలా దగ్గరి సంబంధం ఉంది. కెమెరా ఆ అద్దానికే అతుక్కుని, ఆ అద్దంలోంచే చూస్తుంది. అద్దం మారినప్పుడల్లా కెమెరా చూపును మళ్లీ కుదర్చాలి. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. చదునైన నేల మీద కారును నిలిపి, కొలిచిన దూరంలో గుర్తుల బోర్డు పెట్టి కొన్ని కార్లకు చేస్తారు. గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడిపి మరికొన్నిటికి చేస్తారు. చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, 50 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్లు తేడా వస్తుంది. అంటే పక్కన పోయే స్కూటరు మీ ముందున్నట్టు, మీ ముందున్న స్కూటరు పక్కన ఉన్నట్టు కనిపించవచ్చు. హెచ్చరికలు అనవసరంగా మోగడం మీ అదృష్టం అనుకోండి, మోగవలసినప్పుడు మోగకపోతే మీకు తెలిసేది కూడా కాదు. వెంటనే పరికరాలున్న సర్వీసు సెంటరులో క్యాలిబ్రేషన్ చేయించండి. అద్దానికి ఇన్సూరెన్సు క్లెయిము చేసేవారు ఈ ఖర్చును కూడా అంచనాలో రాయించుకోవాలి. ముందు భాగానికి దెబ్బ తగిలి బంపరు విప్పించినా, సస్పెన్షను పని చేయించినా ఇదే ప్రశ్న అడగండి.

ఇక్కడ నా ఇంట్లో జరిగినది చెప్పాలి. పోయిన దసరాకు ఆయుధ పూజ చేసి, మా ఇంటావిడ ముందు అద్దం పైన, సరిగ్గా మధ్యలో, గంధంతో బొట్టు పెట్టి దాని మీద కుంకుమ అద్దింది. బంపరు మధ్యన ఉన్న చిహ్నానికి పసుపు దట్టంగా పూసి బంతిపూల దండ కట్టింది. గుడికి బయలుదేరామో లేదో, ముందు కెమెరాకు అడ్డు ఉందని డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు అక్షరాలు వెలిగాయి. బొట్టు పడినది కెమెరా కంటి ఎదుటే. తడిగుడ్డతో ఆ మేరకు తుడిచి, బొట్టును బానెట్ మీదికి, దండను నంబరు ప్లేటుకూ చిహ్నానికీ తగలకుండా పక్కకు మార్చాం. పూజ అందరం చేసుకోవలసిందే. స్థలం మాత్రం చూసి పెట్టుకోవాలి. అద్దం పైభాగాన అతికించే దేవుడి స్టిక్కర్లకు, అద్దం నుంచి వేలాడే బొమ్మలకు ఇదే మాట వర్తిస్తుంది. ముందు ఇనుప గార్డు విషయానికి వస్తే, కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే దాన్ని నిషేధించమని రాష్ట్రాలను ఆదేశించింది. అది రాడార్‌కు అడ్డం, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే లెక్కకూ అడ్డం, తగిలిన మనిషికి మరీ ప్రమాదం.

ప్రశ్న: మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఇలాంటివి బస్సులకు రావా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వస్తున్నాయమ్మా. 2021లో నాగపూర్‌లో సిటీ బస్సులతో మొదలైన 'ఐరాస్తే' అనే ప్రాజెక్టును తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ తెచ్చారు. దీనిలోనూ హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారి పాత్ర ఉంది. అమర్చిన పరికరం బ్రేకు వేయదు, డ్రైవరును హెచ్చరిస్తుంది. హెచ్చరికలు ఏ మలుపు దగ్గర పదేపదే మోగుతున్నాయో నమోదు చేసి, ఇంకా ప్రమాదం జరగకపోయినా జరగబోయేలా ఉన్న చోట్లను ముందే గుర్తించడం దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి. పెద్ద బస్సులకూ లారీలకూ అత్యవసర బ్రేకింగు, నిద్రమత్తు హెచ్చరిక వంటివి తప్పనిసరి చేస్తూ కేంద్రం 2025లో ముసాయిదా నిబంధనలు వెలువరించింది. మీ నాన్నగారి లాంటివారికి ఇది రావడం ఎప్పుడో జరగాల్సిన పని. అయితే నిద్రమత్తుకు అసలు మందు డ్యూటీ గంటలు తగ్గించడమే, పరికరం దానికి ప్రత్యామ్నాయం కాకూడదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను. మా నాన్నగారికి 69 ఏళ్లు, విజయవాడలో ఉంటారు, డ్రైవింగు మానమంటే వినరు. ఇక్కడ నా కారులో ఉన్నవన్నీ ఉన్న కారు ఆయనకు కొనిపెడదామనుకుంటున్నాను. నిజంగా ఉపయోగపడేవి ఏవి?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: మీ ఆలోచన మంచిది. మీరున్న చోట లెక్కలు కూడా దాన్ని సమర్థిస్తున్నాయి. ముందు వాహనాన్ని వెనక నుంచి గుద్దే ప్రమాదాలను అత్యవసర బ్రేకింగు సగానికి తగ్గిస్తోందని అక్కడి ఇన్సూరెన్సు కంపెనీల రహదారి భద్రతా సంస్థ తేల్చింది. 2029 సెప్టెంబరు నాటికి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అని 2024లో అమెరికా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయితే అదే సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది: పాదచారులను గుర్తించే బ్రేకింగు వల్ల అటువంటి ప్రమాదాలు 27 శాతం తగ్గినా, వీధి దీపాలు లేని చీకటి రోడ్ల మీద మాత్రం తేడా కనిపించలేదు. నాన్నగారు రాత్రిపూట బయటి రోడ్ల మీద నడపకుండా ఒప్పించగలిగితే, అది ఏ పరికరం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఆ వయసులో మెడ తిప్పి వెనక్కి చూడడం కష్టమవుతుంది. కాబట్టి వెనక కెమెరా, పక్క నుంచి వచ్చే బండిని చెప్పే బ్లైండ్‌స్పాట్ హెచ్చరిక, రివర్సు చేస్తున్నప్పుడు అడ్డంగా వచ్చే వాహనాన్ని పసిగట్టే ఏర్పాటు ఆయనకు రోజూ అక్కరకొస్తాయి. విజయవాడ గల్లీల్లో లేన్ సహాయానికి పెద్దగా పని ఉండదు, దాని కోసం అదనంగా ఖర్చు పెట్టవద్దు.

కారు కొని డ్రైవరు చేత ఇంటికి పంపి ఊరుకోకండి. వచ్చే సెలవుల్లో ఒక ఉదయం ఆయన పక్క సీట్లో కూర్చుని, పాటలు ఆపేసి, అపార్టుమెంటు సెల్లారులోంచి మెల్లగా రివర్సు చేయించండి. ఏ బీప్ ఎటు నుంచి వస్తోందో, పక్క అద్దంలో వెలిగిన చిన్న పసుపు గుర్తుకు అర్థం ఏమిటో ఆయన చేతనే చెప్పించండి. ముందుకు పోయి గోడనో మనిషినో పెట్టి బ్రేకును పరీక్షించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. రెండు, మూడు రోజులు అలా తిరిగాక, మీరేమీ అడగకముందే 'వెనక ఎవరో స్కూటరు మీద వస్తున్నారురా' అని ఆయనే చెప్పిన రోజున తాళం చెవి ఆయనకు ఇచ్చి రండి.